పట్టుబట్ట చుట్టించుకున్నవాళ్లు

ఆ ఆదివారం ఉదయం బర్మాలో యాంగోన్ నగరం అహ్లోన్‌లోని మా ఇంట్లో ఉన్నవాళ్లు: అమ్మ, ఏడో నెల కడుపుతో ఉన్న అక్క, బావ, బావ వాళ్లమ్మ, అక్క ఆరేళ్ల కొడుకు, నేను. ఉన్న వస్తువులు: మూత తీసిన ఇనప ట్రంకు పెట్టె ఒకటి, ఫ్లాస్కు నిండా టీ, బావ వాళ్లమ్మ పబేడాన్‌లోని తమ హోటల్ నుంచి తెచ్చిన ఇడ్లీల క్యారియరు, మొహానికి పూసుకునే తనకా చెక్క, దాన్ని అరగదీసే రాయి, నా చేతిలో నాలుగు మడతల గ్రాఫు కాగితం. కరెంటు లేదు. ఆ రోజు మా వీధి వంతు మధ్యాహ్నం ఒంటిగంటకు.

పెట్టె తెరిచి ఉండడానికి కారణం అక్క కాన్పు. పెట్టె అడుగున ఒక పట్టుబట్ట ఉంది. మా అమ్మమ్మ తల్లి విశాఖపట్నంలో ఓడ ఎక్కినప్పుడు వెంట తెచ్చుకున్నది. మా ఇంటి ఆడపిల్లలు పుట్టింట్లోనే కంటారు. పుట్టింది మగపిల్లాడైతే, పదకొండో రోజు పురుటిస్నానం చేయించి ఆ బట్టలో చుడతారు. వానలు వెళ్లిపోయాయి కనుక అమ్మ దాన్ని గాలికి ఆరబెట్టే పనిలో ఉంది. యాంగోన్ వానాకాలంలో ఐదు నెలలపాటు బట్ట బూజు పట్టకుండా, పురుగు కొట్టకుండా నిలవడం చిన్న విషయం కాదు. ఆ బట్టకు ఒక్క చిల్లు లేదు. అమ్మకు అది గర్వం.

కాగితం ఉండడానికి కారణం నేను.

నేను జనరేటర్లు బిగించే కంపెనీలో టెక్నీషియన్ని. అంతకు రెండు నెలల ముందు, అడవి వైపు ఒక ఫోన్ టవరు దగ్గర పనికి వెళ్లి మలేరియా తెచ్చుకున్నాను. అక్కడి చిన్న ఆసుపత్రిలో, జ్వరం మళ్లీ తిరగబెట్టకుండా ఇచ్చే మాత్రలకు ముందు వేలి మీద గుచ్చి ఒక పరీక్ష చేశారు. ఫలితం చూసి ఆ మాత్రలు పక్కన పెట్టేశారు. రక్తంలో ఎర్రకణాలను కాపాడే ఒక ఎంజైము నాలో చాలా తక్కువట. పేరు జీ సిక్స్ పీడీ. మామూలుగా ఏ ఇబ్బందీ ఉండదు. కొన్ని రకాల మందులు పడితే మాత్రం ఎర్రకణాలు గుంపుగా పగిలిపోతాయి, మనిషి కామెర్లతో పచ్చబడతాడు. మగవాడికి ఇది తల్లి నుంచే వస్తుంది. తల్లికి సాధారణంగా తెలియను కూడా తెలియదు.

"మీ అమ్మగారి వైపు మగపిల్లలెవరైనా ఇలా పచ్చబడ్డారా?" అని అడిగాడు అక్కడి డాక్టరు.

ఆ ప్రశ్న వింటూనే నా తలలో పట్టిక తయారైపోయింది. ఇంటికి వచ్చి కాగితం మీద పెట్టాను. అమ్మ అన్న: పదకొండో రోజు తరువాత పచ్చబడి, పదహారో రోజు పోయాడు. అమ్మ తమ్ముడు: ఏమీ కాలేదు. నేను: పదమూడో రోజు పచ్చబడి, నెల తరువాత తేరుకున్నాను. అక్క కొడుకు: పన్నెండో రోజు.

వాడి విషయం నాకు బాగా గుర్తు. పురుటిస్నానంలో ఒళ్లంతా పసుపు రాశారు. మొహానికి తనకా పూశారు. పిల్లాడు పచ్చగా ఉంటే పసుపు అనుకున్నారు, బుగ్గలు పచ్చగా ఉంటే తనకా అనుకున్నారు. మర్నాడు సాయంత్రం వాడు కళ్లు తెరిచినప్పుడు, కళ్లకు ఎవరూ పసుపు రాయలేదు కదా అని అక్కకు తట్టింది. నాలుగు రోజులు నీలి దీపాల కింద పెట్టారు. కరెంటు పోయినప్పుడల్లా దీపాలు ఆరిపోయేవి. నేను ఆసుపత్రి జనరేటర్ గది గుమ్మంలో కూర్చుని, పోయిన ప్రతిసారీ అక్కడి పనివాడికన్నా ముందు లేచేవాణ్ణి.

ఇంట్లో దీనికి ఎప్పుడూ ఒకే వివరణ: మన మగపిల్లల్ని అమ్మోరు ఒకసారి చూసి పోతుంది. కొందరిని ఇచ్చేస్తుంది, కొందరిని ఇవ్వదు.

ఆదివారం నేను చెప్పదలచుకున్నది చిన్న విషయం. "పిల్లోడికి రక్త పరీక్ష చేయిద్దాం."

"వాడికేటొచ్చింది?" అంది అమ్మ.

"ఏమీ రాలేదు. రాకముందే తెలుసుకుందామని."

"రాని రోగానికి సూది గుచ్చుతారేటి?" అన్నాడు బావ. "మా బామ్మర్ది ఇంతే. తిరుగుతున్న జనరేటర్ని ఆపీసి విప్పుతాడు."

"ఆగిపోకముందు విప్పితేనే బావా దాన్ని సర్వీసంటారు."

"నా మనవడు డీజిలు తాగడు బాబూ, ఇడ్లీ తింతాడు," అంది బావ వాళ్లమ్మ, వాడి పళ్లెంలో మూడోది వేస్తూ.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే కాగితం విప్పి అక్కకు ఇచ్చాను. చేసిన తప్పు అదే. పట్టికలో లోపం వచ్చినవాళ్లకు నీలం రంగు, రానివాడికి తెలుపు, ఇచ్చినవాళ్లకు ఎరుపు వేశాను. పనిలో అలవాటు, లోపం ఎక్కడి నుంచి వస్తోందో ఆ చోటును ఎర్రగా గుర్తిస్తాం.

అక్క చాలాసేపు చూసింది. "ఇందులో ఆడోళ్లమే ఎర్రగా ఉన్నామేటి?"

"అంటే... మీ నుంచి వస్తుంది కనక."

బావ వాళ్లమ్మ చెంచా పక్కన పెట్టింది. "సూసేరా! ఆరేళ్ల బట్టి నానేటంతన్నాను? మా ఇంట్లో మగోళ్లు రాళ్లలాగుంతారు. ఈ పచ్చరోగం మాది కాదన్నానా, లేదా?"

అక్క కాగితాన్ని మళ్లీ నాలుగు మడతలు పెట్టి నా చొక్కా జేబులో దూర్చింది. "పరీక్షా లేదు, గిరీక్షా లేదు. టీ తాగు."

మూడు రోజులు ఆగి పబేడాన్ వెళ్లాను. బావ వాళ్ల హోటల్లో నాలుగు బల్లలే. మధ్యాహ్నం జనం తగ్గాక అక్క వెనక బల్ల దగ్గర కూర్చుని కొత్తిమీర తుంచుతోంది.

"వాడు ఆరేళ్లోడురా. వాడి రక్తం సంగతి వాడు అడిగేడా? పెద్దయ్యాక వాడే చేయించుకుంటాడు, లేకపోతే మానీస్తాడు. మనం తెలిసీసుకుంటే మళ్లీ తెలీనట్టు ఉండలేం గదా. స్కూల్లో ఒకరికి తెలిస్తే అందరికీ తెలుస్తాది. పరిగెడితే ఆపుతారు, పడితే బయపడతారు."

ఆమె అన్నదాంట్లో చాలా భాగం నిజం. ఇది నలభై ఏళ్లకు వచ్చేది, వచ్చినా ఎవరూ ఏమీ చేయలేనిది అయితే, పిల్లాడి తరఫున తెలుసుకునే హక్కు మనకు లేదు. వాడు ఎదిగేదాకా ఆగాల్సిందే. అదే మాట చెప్పాను. చెప్పి, "కానీ ఇది అలాంటిది కాదు అక్కా," అన్నాను. "వాడికి వచ్చే వారమే జ్వరం రావచ్చు. అప్పుడు ఏ మాత్ర వేయకూడదో తెలియాలి. పరిగెత్తడం ఆపక్కర్లేదు. మాత్ర ఒక్కటి ఆపితే చాలు. కడుపులో ఉన్నవాడికైతే మొదటి రోజు నుంచే తెలియాలి."

"వాడో, అదో."

"మగపిల్లాడైతే సగానికి సగం అవకాశం."

కొత్తిమీర తుంచడం ఆపింది. గొంతు తగ్గించింది. "అదొకటే కాదురా. ఇన్నాళ్లూ మా అత్త నోటిమాట అంతాది, నేను వినీసి ఊరుకుంతాను. ఇప్పుడు నేనే ఎల్లి, డాక్టరు సంతకంతో కాయితం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాలేటి?"

జేబులో కాగితం ఉంది. తీసి బల్ల మీద పరిచాను. మూడు రోజులుగా దాన్ని సరిచూస్తున్నాను. ఒక గడి తప్పు. ఎర్ర పెన్ను తీసి నా గడిని, నీలం మీదే, పూర్తిగా ఎర్రగా నింపాను.

"ఇదేటి?"

"నాకు కూతురు పుడితే దానికి తప్పకుండా వెళ్తుంది. సగం కాదు, నూటికి నూరు. మొదటిసారి వేసినప్పుడు నా గడి వదిలేశాను."

అక్క గడి వంక, నా వంక చూసి పకపకా నవ్వింది. "అయితే నాకన్నా నువ్వే ఎర్రన!"

"ఏటా నవ్వు?" పొయ్యి దగ్గర నుంచి బావ వాళ్లమ్మ గొంతు. ఆ హోటల్లో గోడ లేదు, కర్రల తడిక మాత్రమే. ఆమె అంతా విన్నదని అప్పుడు తెలిసింది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి మా ఎదురుగా కూర్చుంది. కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చూసింది.

"ఒలే కోడలా. నాను అన్నానంటే తెలీక అన్నాను. తెలీనప్పుడే ఎవులైనా అంతారు. తెలిసీసినాక అనడానికేటుంటాది? నా మనవడి ఒంట్లో నీ రక్తం పారకుండా ఊరి రక్తం పారతాదేటి?"

అక్క కొత్తిమీర కట్ట మళ్లీ అందుకుంది.

"మా ఆయన షుగరు సంగతి పెళ్లిలో మీవోళ్లకి చెప్పేమేటి?"

"అమ్మా!" కౌంటరు దగ్గర బావ కేక.

"నువ్వు చిల్లర లెక్కెట్టుకో. ఎనిమిదేళ్లయింది, ఇప్పుడు తెలిస్తే పిల్లని ఎనక్కి తీస్కెల్లిపోతారేటి?" నా వైపు తిరిగింది. "ఎప్పుడెల్దాం బాబూ? నానూ వస్తాను. ఆ డాక్టరమ్మ బరమా మాట గబగబ మాటాడితే మీకర్దం కాదు, నాకర్దమవుద్ది."

నాకు బర్మీస్ ఆమెకన్నా బాగా వచ్చు. ఆ మాట అనలేదు.

నిర్ణయం మాత్రం అక్కే చెప్పింది. జాబితాలు వేసే అలవాటు నా ఒక్కడిదే అనుకునేవాణ్ణి. అక్క వేళ్లు మడిచి లెక్కపెట్టింది. ఒకటి, పిల్లాడికి అబద్ధం చెప్పి తీసుకెళ్లకూడదు. రెండు, ఫలితం కాగితం తన దగ్గరే ఉంటుంది. డాక్టర్లకు, క్లాసు టీచరుకు తప్ప ఎవరికీ చెప్పకూడదు. మూడు, ఇంట్లో ఎవరూ దీన్ని రోగం అనకూడదు. మూడో వేలు మడిచేటప్పుడు అత్తగారి వంక చూసింది. "అననులే," అంది ఆవిడ.

మొదటి షరతు నెరవేర్చే పని నాకు పడింది. వాడు శ్రద్ధగా విన్నాడు.

"ఎన్ని సూదులు?"

"ఒకటి."

"నీకు గుచ్చేరేటి మావయ్యా?"

"గుచ్చారు. నాకు ఎంజైము తక్కువని తేలింది."

"నాకూ తక్కువయితే?"

"ఇద్దరం ఒకే మందులు మానేస్తాం."

కాస్త ఆలోచించాడు. "అయితే మనిద్దరం ఒకే కంపెనీ."

ఫలితం నాలుగో రోజు వచ్చింది. వాడూ నేనూ ఒకే కంపెనీ.

డాక్టరు దగ్గర కూర్చున్నది ఐదుగురం: అక్క, అమ్మ, బావ వాళ్లమ్మ, వాడు, నేను. ఆ డాక్టరమ్మను అందరం సయామా అని పిలుస్తాం. యాంగోన్‌లో డాక్టరమ్మనూ పంతులమ్మనూ పిలిచే మాట అదే. వద్దనే వాటి జాబితా ఆమె ఒక్కొక్కటే చదివింది. కొన్ని మలేరియా మాత్రలు. కొన్ని సల్ఫా మందులు. ఊరబెట్టిన టీ ఆకుల లఫెట్‌లో కలిపే వేయించిన పెద్ద చిక్కుడుగింజలు. అది విని వాడు మొదటిసారి మొహం ముడుచుకున్నాడు. తరువాత ఆమె తల ఎత్తి, రెండు వేళ్లతో గోళీ అంత గుండ్రం చూపించి అడిగింది: "బట్టల పెట్టెలో పురుగుకు వేసే తెల్ల ఉండలు మీ ఇంట్లో ఉన్నాయా? అవి వేసిన బట్టలు చిన్నపిల్లలకు అస్సలు తగలకూడదు. పసిపిల్లలకు మరీ ప్రమాదం."

నేను నోట్సులో రాసుకుంటున్నాను. "కలరా ఉండలు" అని రాసి, పక్కన టిక్కు పెట్టి, తరువాతి వరుసకు వెళ్లిపోయాను.

అమ్మ అక్కడే ఆగిపోయింది. "పెట్టి," అంది తెలుగులో. "ఒరే. మన పెట్టి."

అప్పుడు అర్థమైంది. ఆదివారం గదిలో ఉన్న వస్తువుల్లో ఆ పెట్టెను మొట్టమొదట లెక్కపెట్టింది నేనే. కారణాల పట్టికలో దానికి గడి లేదు. లోపం, బట్ట రెండూ తల్లి వైపు నుంచే వస్తున్నాయి: లోపం తల్లి రక్తంలో, బట్ట ఆమె కాన్పుకు వచ్చే పుట్టింట్లో. అందుకే మగపిల్లాడు పచ్చబడేది ఎప్పుడూ పదకొండో రోజు తరువాతే. అమ్మ తమ్ముడికి లోపం రాలేదు కనుక బట్ట ఏమీ చేయలేదు. అతను బాగున్నాడు కనుక బట్టను ఎవరూ అనుమానించలేదు.

ఇంటికి వచ్చి పెట్టె బోర్లించాం. ప్రతి మడతలో ఉండలు. అమ్మమ్మ వేసినవి అరిగి శనగగింజంత అయ్యాయి. అమ్మ వేసినవి ఇంకా గోళీలంత ఉన్నాయి. నూట పన్నెండు లెక్కపెట్టి, గట్టి మూత ఉన్న రంగు డబ్బాలో వేశాను.

"మా అన్నకి మా అమ్మే చేతులారా..." అని అమ్మ ఆగిపోయింది. "నేను వీళ్లిద్దరికీ..."

బావ వాళ్లమ్మ ఆమె పక్కన నేల మీద చతికిలబడింది. "ఒదినా, పురుగు కొట్టకూడదని ఏసేవు. పిల్లోడిమీద కోపంతో ఏసేవేటి? ఇద్దరూ ఎదురుగా ఉన్నారు సూడు. ఒకడు నెక్కలెడతన్నాడు, ఒకడు ఇడ్లీలడుగుతున్నాడు."

అమ్మ కళ్లు తుడుచుకుని లేచింది. బట్టను కాల్చేస్తుందనుకున్నాను. కత్తెర తెచ్చింది. ఒక చివర అంచు, జానెడు వెడల్పున, గీత గీసినట్టు కత్తిరించింది. మిగతా బట్టను సంచిలో కట్టి అటక మీద పడేయమంది. అంచును మూడుసార్లు మరిగించి, రెండు నెలలు డాబా మీద ఎండలో వేసింది. ఉతికిన ప్రతిసారీ నేను వాసన చూసేవాణ్ణి. సయామాకు చూపించాం; ఆమె కూడా వాసన చూసి, పిల్లాడి ఒంటికి తగలకుండా పైవైపు కుడితే సరేనంది. అమ్మ పబేడాన్‌లో తెల్ల నూలుబట్ట కొని, ఆ అంచును పైవైపుకు కుట్టింది. పాత పట్టు రంగు వెలిసింది. జరీ మాత్రం కొత్తదానిలా వెలుగుతోంది.

పుట్టింది మగపిల్లాడు. పరీక్ష చేయించమని ఎవరూ చెప్పనక్కర్లేదు, పురుటి మంచం మీద నుంచే అక్క అడిగింది, "మడమ మీద గుచ్చుతారంట గదా, ఎప్పుడు?" వీడికీ ఎంజైము తక్కువే. అక్క కాగితం చదివి, మడిచి, దిండు కింద పెట్టుకుంది. "సరే. ముగ్గురు మీ కంపెనీలో."

మూడో రోజు కామెర్ల అంకె కొంచెం పెరిగింది. ఆ రాత్రి ఎవరం సరిగా తినలేదు. ఐదో రోజుకు దానంతట అదే దిగింది. అంత మాత్రం ఏ పిల్లాడికైనా ఉండేదేనని సయామా చెప్పింది. అసలు రోజు ముందుంది.

పదకొండో రోజు పురుటిస్నానానికి అక్క కొత్త చట్టం పెట్టింది. "ఒంటికి పసుపొద్దు. మొకానికి తనకా ఒద్దు. వీడి రంగు వీడిది నాకు కనిపించాలి." ఎనభై ఏళ్ల ఆచారం మీద అంత స్పష్టమైన మాట ఆ గదిలో ఎవరూ విని ఉండరు. బావ వాళ్లమ్మ పసుపు గిన్నె చేతిలో పట్టుకుని ఒక క్షణం నిలబడి, వెళ్లి గుమ్మానికి రాసేసి వచ్చింది. అమ్మ పిల్లాణ్ణి తెల్లబట్టలో చుట్టింది. పట్టు అంచు పైకి వచ్చింది.

ఆ తరువాత పది ఉదయాలు ఒకే పని. ఎనిమిది గంటలకు, ఎండ కిటికీలోకి వచ్చినప్పుడు, అక్క పిల్లాణ్ణి వెలుతురులోకి తెచ్చేది. అన్న ముందుగా తమ్ముడి కళ్లలోకి చూసేవాడు. "తెల్లగున్నాయి," అని ప్రకటించేవాడు. నేను పట్టికలో టిక్కు పెట్టేవాణ్ణి. పన్నెండో రోజు. పదమూడో రోజు, నా రోజు. పదహారో రోజున అమ్మ తానే కిటికీ దగ్గరకు వచ్చింది, తన అన్న పోయిన రోజది. మనవడి కళ్లు చూసి, వెళ్లి అందరికీ పాయసం వండింది. పండగేమీ లేదు.

ఇరవై ఒకటో రోజు ఊయల. పబేడాన్ నుంచి వచ్చిన చుట్టం ఒకావిడ ఊయలలోకి తొంగి చూసి, "ఎవరి పోలిక? ఎవరి రక్తం?" అంది. అక్క నోరు తెరిచేలోగా బావ వాళ్లమ్మ అందుకుంది.

"మా కోడలి రక్తం. సూడు, పాలలాగున్నాడు."

అక్క నా వంక చూసి నవ్వింది. నేను కాగితం తీసి చివరి వరుస నింపాను.

బట్ట చుట్టించుకున్న మగపిల్లలు: ఐదుగురు. పచ్చబడినవాళ్లు: ముగ్గురు.